అర్ధరాత్రి పడిపోయే బ్రేకర్: తప్పు వైరింగుదా, వస్తువుదా?

సగంచీకటి
మా మెయిన్ బోర్డులోని బ్రేకర్ కొన్ని వారాలుగా తనకు తోచినప్పుడు పడిపోతోంది. ఇల్లంతా ఒక్కసారిగా చీకటి. మీట ఎత్తితే నిలబడుతుంది, గంటల తరబడి ఏ గొడవా ఉండదు, ఆ తర్వాత ఎప్పుడో మళ్లీ పడుతుంది. ఎక్కువగా అందరం నిద్రపోయాకే. గీజరో ఏసీయో వేసినప్పుడు పడితే కారణం దొరికేది. ఏదీ వేయనప్పుడే పడుతోంది. వచ్చిన ఎలక్ట్రీషియన్ బ్రేకర్ పాతబడిందని కొత్తది పెట్టాడు. కొత్తది ఇంకా తరచుగా పడుతోంది! ఇప్పుడు గోడల్లోని వైరింగు మొత్తం మార్చాలంటున్నాడు. గోడలు పగలగొట్టే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను.

పాతతీగ
బ్రేకర్ అంటే ఏ బ్రేకరో చెప్పలేదు. పడుతున్నదాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉందా? ముందున్న అంకెలేమిటి? మిగతా చిన్న మీటలు పైకే ఉంటున్నాయా, వాటిలో ఏదైనా దీంతో పాటు పడుతోందా? ఈ మూడూ తెలియకుండా ఎవరేం చెప్పినా చీకట్లో రాయి విసరడమే.

ఎగిరేఫ్యూజు
దీనికి ఇంత ఆలోచన ఎందుకు? లోడు ఎక్కువైంది. మా ఇంట్లోనూ ఇంతే, 16 ఆంపియర్లది తీసి 32 పెట్టించాను. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా పడలేదు.

కొలతబద్ద
పడలేదు సరే, ఎగిరేఫ్యూజు గారూ, గోడలో వైరు ఎంత వేడెక్కుతోందో చూశారా? ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడే ఆ చిన్న బ్రేకర్, ఉన్నది మీ ఏసీని కాపాడటానికి కాదు, ఆ వైరును కాపాడటానికి. గొట్టంలో వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మోయగలిగేది సుమారు 20 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ ఏం చేస్తుందో తెలుసా? రాసి ఉన్న అంకెకు 1.13 రెట్లు, అంటే 36 ఆంపియర్లు పారుతున్నా గంటసేపు పడకూడదని దాని ప్రమాణమే చెబుతుంది. 1.45 రెట్లు, అంటే 46 దాటితే గంటలోపు పడాలి. ఆ గంటలో వైరు పైనున్న పీవీసీ తొడుగు సంగతి ఏమిటి? అది 70 డిగ్రీల వరకే తట్టుకునేలా చేసింది. మీకు బ్రేకర్ పడటం ఆగింది, అంతే. కారణం ఎక్కడికీ పోలేదు.

ఎగిరేఫ్యూజు
అన్నీ పుస్తకాల లెక్కలు. నా వైరు మందంగానే ఉందని మేస్త్రీ చెప్పాడు.

అటకమీదపిల్లి
"మందంగానే" అనేది ఎన్ని చదరపు మిల్లీమీటర్లో ఎవరైనా చెప్పండి.

సగంచీకటి
చూసి వచ్చాను. టెస్ట్ బటన్ ఉంది. 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంది. పడేది అదొక్కటే, చిన్న మీటలన్నీ పైకే ఉంటాయి.

పాతతీగ
అయితే సగం సంగతి తేలిపోయింది. అది ఎంసీబీ కాదు, ఆర్‌సీసీబీ, అంటే లీకేజీ బ్రేకర్. లోడు ఎక్కువైనందుకు అది పడదు, ఆ పని దానికి చేతకాదు కూడా. 40 అన్నది అది మోయగలిగే కరెంటు. ఎంతకు పడుతుందో చెప్పే అంకె ఆ 30.

లోపల ఒక ఇనుప వలయం ఉంటుంది, ఫేజ్, న్యూట్రల్ రెండూ దానిలోంచే వెళ్తాయి. లోపలికి వెళ్లినవాళ్లంతా తిరిగి బయటికి వచ్చారా అని తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టే కాపలావాడిలాంటిది అది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి వస్తే రెండింటి ప్రభావం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. కొంత కరెంటు దారి తప్పి ఎర్తులోకో, తడిగోడలోకో, మనిషి ఒంట్లోకో పోతే తేడా మిగులుతుంది. ఆ తేడా వలయం మీది మూడో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది, మీట పడుతుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎక్కడో కరెంటు భూమిలోకి కారుతోంది. అది గోడలోని వైరులో కావచ్చు, ఏదైనా వస్తువులో కావచ్చు. నా అనుభవంలో వస్తువే ఎక్కువ. గోడ జోలికి ఇప్పుడే పోవద్దు. ఈసారి పడినప్పుడు సమయం రాసి పెట్టండి. ఆ క్షణంలో ఏవి నడుస్తున్నాయో, వాన పడుతోందో లేదో, మీట ఎత్తగానే నిలిచిందో మళ్లీ పడిందో, అవి కూడా.

నీటిబొట్టు
గీజరును అనుమానించండి. మాది వేసిన పావుగంటకు పడేది. హీటింగ్ కడ్డీ పైగొట్టానికి సూది మొనంత చిల్లు పడింది. లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది, పొడిగా ఉన్నంతవరకు మంచి నిరోధకమే కానీ తేమ తగిలితే పీల్చేసుకుంటుంది. ఇక అప్పటి నుంచి నీళ్ల ద్వారా లీకేజీ. కడ్డీ మార్చగానే తగ్గింది.

సగంచీకటి
గీజరు ఉదయం వేస్తాం, మిగతా సమయమంతా దాని స్విచ్ ఆపే ఉంటుంది. రాత్రి పడటానికి దానికేం సంబంధం?

కొలతబద్ద
ఉండొచ్చు! స్విచ్ ఆపితే తెగేది ఫేజ్ ఒక్కటే. న్యూట్రల్ అలాగే తగులుకుని ఉంటుంది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా బాడీకో ఎర్తుకో తాకుతుంటే, ఇంట్లో వేరే వస్తువులు వాడిన కరెంటులో కొంత న్యూట్రల్ దారిలో తిరిగి రాకుండా ఎర్తు దారి పడుతుంది. అప్పుడు గీజరు ఆపి ఉన్నా ఆర్‌సీసీబీ పడుతుంది, పైగా నేరం ఆ క్షణంలో నడుస్తున్న ఏసీ మీదికి పోతుంది. బోర్డులో ఒక్కో ఎంసీబీ దించుతూ వెతికే పద్ధతిలోనూ ఇదే చిక్కు. మామూలు ఎంసీబీ కోసేది ఫేజ్‌నే. అన్నీ దించినా పడుతోందంటే బ్రేకర్ చెడిందని అనేస్తారు చాలామంది, అక్కడ చూడాల్సింది న్యూట్రల్. అందుకే స్విచ్ ఆపడం లెక్కలోకి రాదు, ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి. ప్లగ్గు లేకుండా నేరుగా కలిపిన వస్తువైతే ఎలక్ట్రీషియన్‌తో రెండు తీగలూ విడదీయించాలి.

మెట్లకిందగది
మా ఇంట్లో తప్పు ఏ వస్తువుదీ కాదు. కింది అంతస్తుకు ఒకటి, పైదానికి ఒకటి ఆర్‌సీసీబీలు. మెట్ల దీపానికి ఫేజ్ కింది నుంచి తీసి న్యూట్రల్ మాత్రం పైనుంచి కలిపారు. దీపం వేసినప్పుడల్లా రెండిట్లో ఏదో ఒకటి పడేది. రెండు కాపలాలకూ లెక్క కుదరదు కదా. న్యూట్రల్ మార్చి కలిపాక ఆ దీపం బుద్ధిగా వెలుగుతోంది.

రెండోబ్యాటరీ
ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనూ ఇదే పేచీ. ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ దాటకుండా బయటి బస్‌బార్‌కు, అంటే తీగలన్నీ కలిపే లోహపు పట్టీకి, కలిపేస్తారు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నంతసేపు బాగానే ఉంటుంది, లైన్ వచ్చిన వెంటనే పడుతుంది. సగంచీకటి గారింట్లో ఇన్వర్టర్ ఉందా?

సగంచీకటి
లేదు. అంతస్తు కూడా ఒక్కటే.

అటకమీదపిల్లి
మా బయటి కాలింగ్ బెల్ స్విచ్‌లోకి బల్లి దూరి కాపురం పెట్టింది. వాన వచ్చిన రోజున పడేది, ఎండ కాసిన రోజున నిలిచేది. కారణం కనిపెట్టిన రోజు ఇంట్లో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అప్పటికే ముగ్గురు ఎలక్ట్రీషియన్లు మూడు వేర్వేరు తీర్పులు ఇచ్చి వెళ్లారు.

పాతతీగ
బల్లి మాట నవ్వులాట కాదు. పెరట్లో దీపం, మోటారు దగ్గరి పెట్టె, గేటు బెల్లు, ఈ మూడూ తేమ పట్టే చోట్లు. అయితే వానతో సంబంధం లేకుండా పడుతుంటే వాటిని చివరికి పెట్టుకోవచ్చు.

సగంచీకటి
రాసి పెట్టాను. ఒక విచిత్రం కనిపిస్తోంది. పడిన తర్వాత మళ్లీ పడటానికి దాదాపు ఒకే వ్యవధి పడుతోంది, కొంచెం అటూ ఇటూగా సగం రోజు. ఒకసారి మధ్యాహ్నం కూడా పడింది, ఆ సమయంలో మేమంతా బయట ఉన్నాం, ఇంటికి వచ్చేసరికి చీకటి. వాన లేదు. గీజరు తీగలు విడదీయించినా పడింది. మీట ఎత్తగానే ప్రతిసారీ నిలుస్తుంది.

చలిపెట్టె
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు అడగక తప్పదు. ఫ్రిజ్ మంచు పేరుకోని రకమేనా? ఫ్రీజర్ తెరిచి వెనక పలకను చూసి చెప్పండి. చేత్తో తడిమి చూడండి.

ఎగిరేఫ్యూజు
ఫ్రిజ్ చెడితే ముందు చల్లదనం పోతుంది. బ్రేకర్ ఎందుకు పడుతుంది? అనవసరంగా దారి మళ్లిస్తున్నారు.

సగంచీకటి
చలిపెట్టె గారూ, మీరు మా ఇంటికి వచ్చి చూసినట్టే అడిగారు! మంచు పేరుకోని రకమే. కానీ వెనక పలక మీద తెల్లగా, గట్టిగా మంచు పలకలా పేరుకుంది. గాలి వచ్చే చీలికలు సగం మూసుకుపోయాయి. కింది అరలో చల్లదనం తగ్గిందని ఇంట్లో అంటూనే ఉన్నారు, తలుపు సరిగ్గా పడటం లేదేమో అనుకున్నాం.

చలిపెట్టె
నేను ఫ్రిజ్ పని చాలా ఏళ్లు చేశాను, ఈ కథ తెలిసిందే.

మంచు పేరుకోని ఫ్రిజ్‌లోనూ మంచు పేరుకుంటుంది, మనకు కనిపించదంతే. వెనక పలక చాటున చల్లని గొట్టాల అల్లిక ఉంటుంది, దాని కింద ఒక హీటరు. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య, కంప్రెసర్ ఆగి ఈ హీటరు కాసేపు వెలుగుతుంది, దీన్నే డీఫ్రాస్ట్ అంటారు. మంచు కరిగి నీళ్లు కింది గొట్టం గుండా వెనక పళ్లెంలోకి పోతాయి, అక్కడ ఆవిరవుతాయి. ఈ హీటరు ఉండేది నీళ్లు కారే చోటే. ఏళ్లు గడిచేకొద్దీ దాని చివరి రబ్బరు మూతల దగ్గర తేమ లోపలికి పోతుంది. చల్లగా, కరెంటు లేకుండా ఉన్నంతసేపు దానివల్ల గొడవ లేదు. వెలిగిన క్షణం నుంచి కరెంటు బాడీకి, అక్కడి నుంచి ఎర్తుకు కారుతుంది.

ఇప్పుడు మీ లక్షణాలు చూడండి. ఒకే వ్యవధి ఎందుకు? డీఫ్రాస్ట్ లెక్క అదే కాబట్టి. మీరు ఏ స్విచ్చూ ముట్టకపోయినా ఎందుకు? అది తనంతట తాను వెలుగుతుంది కాబట్టి. మంచు ఎందుకు పేరుకుంది? హీటరు వెలగగానే బ్రేకర్ పడి కరిగించే పని మధ్యలోనే ఆగిపోతోంది కాబట్టి. ఎగిరేఫ్యూజు గారు అన్నట్టు చల్లదనం తగ్గడం కూడా జరిగింది, ఆ క్రమంలోనే.

పాతతీగ
ఒక్క చోట నాకు సందేహం. డీఫ్రాస్ట్ మధ్యలో పడితే, మీట ఎత్తగానే హీటరు మళ్లీ వెలగాలి, మళ్లీ పడాలి. ఆయనకు ప్రతిసారీ నిలుస్తోంది.

చలిపెట్టె
మంచి ప్రశ్న. పాతకాలపు తిరిగే టైమరు ఉన్న ఫ్రిజ్ అయితే మీరన్నట్టే జరుగుతుంది, అది ఆగిన చోటే ఉండిపోతుంది కాబట్టి మీట ఎత్తగానే పడుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డున్న వాటిలో చాలావరకు కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి నుంచి కంప్రెసర్‌తో మొదలుపెడతాయి. అందుకే మీట ఎత్తాక గంటల తరబడి శాంతి.

పాతతీగ
ఒప్పుకున్నాను. సగంచీకటి గారూ, ఇది నిజమో కాదో తేల్చడం తేలిక. ఫ్రిజ్ ఖాళీ చేసి ప్లగ్గు పీకి, మామూలుగా పడే వ్యవధికి రెండింతలు ఆగండి. పడకపోతే అదే.

ఎగిరేఫ్యూజు
అంత కష్టం ఎందుకు, ఫ్రిజ్ ప్లగ్గుకు ఎర్తు పిన్ను లేని మార్పిడి ముక్క తగిలించండి. కరెంటు ఎర్తులోకి పోయే దారే ఉండదు, బ్రేకరూ పడదు.

కొలతబద్ద
ఈ సలహా దయచేసి ఎవరూ పాటించవద్దు. ఎర్తు తీసేస్తే లీకేజీ ఆగదు, ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఫ్రిజ్ బాడీ మొత్తం కరెంటు పట్టుకుని ఉంటుంది, తడి కాళ్లతో తలుపు తీసిన మొదటి మనిషే ఆ దారి అవుతాడు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుని పట్టు వదలలేని స్థితి మొదలవుతుంది. ఈ విషయం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరే 1961లో ఇలాంటి లీకేజీ బ్రేకర్‌ను అమెరికాలో రూపొందించాడు. ఆర్‌సీసీబీ పడుతుంది నిజమే, కానీ మీకు షాక్ కొట్టాక.

నీటిబొట్టు
ఎగిరేఫ్యూజు గారి ఇంట్లో ఏ వస్తువునూ ముట్టుకోకూడదని రాసుకున్నాను.

ఎగిరేఫ్యూజు
సరే, ఆ సలహా వెనక్కి. 32 సంగతి మాత్రం వదలను.

మెట్లకిందగది
నాకు అర్థం కానిది ఒకటుంది. కొత్త ఆర్‌సీసీబీ పెట్టాక ఇంకా తరచుగా పడటం ఎందుకు?

కొలతబద్ద
30 అని రాసి ఉంటే సరిగ్గా 30కే పడాలని లేదు. ప్రమాణం ప్రకారం సగం వరకు, అంటే 15 మిల్లీ ఆంపియర్ల వరకు పడకూడదు, 30కి తప్పకుండా పడాలి. మధ్యలో ఎక్కడ పడినా సరైనదే. పాతది 27 దగ్గర పడేదై, కొత్తది 21 దగ్గర పడేదైతే తేడా మీకు కనిపిస్తుంది, రెండూ మంచివే అయినా.

ఇంకో మాట. ఏ తప్పూ లేని ఇంట్లో కూడా కొంత లీకేజీ ఎప్పుడూ ఉంటుంది. కంప్యూటర్, టీవీ, వాషింగ్ మెషీన్ లాంటి వాటిలో ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి, అవి ఒక్కోటీ కొంత కరెంటును ఎర్తులోకి పంపుతాయి. ఒక్కో వస్తువుది చిన్నదే, ఇల్లంతటిదీ కలిపితే గిన్నె సగం నిండే ఉంటుంది. ఆ పైన హీటరుది కొద్దిగా చేరినా చాలు. ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి లీకేజీ క్లాంప్ మీటరు దవడలో పెడితే ఈ మొత్తం కనిపిస్తుంది. మామూలు క్లాంప్ మీటరు ఇంత చిన్న కరెంటు చూపించదు, మిల్లీ ఆంపియర్లు చదివేది కావాలి.

రెండోబ్యాటరీ
మామూలు మల్టీమీటరుతో హీటరును ఓమ్స్‌లో చూస్తే చాలదా?

చలిపెట్టె
చాలదు. దాని లోపలి బ్యాటరీ ఇచ్చే కొద్ది వోల్టులకు ఈ లీకేజీ చాలాసార్లు బయటపడదు. 500 వోల్టుల మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి నిరోధం కొలిచే మీటరు, కావాలి. హీటరు రెండు చివరలూ విడదీసి, కడ్డీకీ బాడీకీ మధ్య పెట్టాలి. మంచిదైతే మెగా ఓమ్స్‌లో చూపిస్తుంది. లెక్క కోసం చెబుతున్నాను, 230 వోల్టులకు 30 మిల్లీ ఆంపియర్లు కారాలంటే నిరోధం సుమారు 7.7 కిలో ఓమ్స్‌కు పడిపోవాలి. ఎలక్ట్రానిక్ బోర్డుకు తగిలించి మాత్రం మెగ్గర్ తిప్పవద్దు, బోర్డు కాలిపోతుంది.

సగంచీకటి
ఫలితం. ఫ్రిజ్ ప్లగ్గు పీకి ఆగాను, పడలేదు. తర్వాత లీకేజీ మీటరున్న ఒక మెకానిక్‌ను పిలిచాను. ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తుండగా ఇల్లంతటిదీ 8 మిల్లీ ఆంపియర్లు చూపింది. ఆయన బోర్డు మీది బటన్లతో బలవంతంగా డీఫ్రాస్ట్ మొదలుపెట్టాడు. మీటరు అంకె 15 అయింది, హీటరు వేడెక్కేకొద్దీ 17, 19, 20 అంటూ పాకింది, 21 దగ్గర ఠక్కున చీకటి. అందరం అక్కడే నిలబడి ఉన్నాం, ఎవరికీ టార్చి తేవాలన్న ఆలోచన రాలేదు.

హీటరు తీసి చూపించాడు. ఒక చివర రబ్బరు మూత పగిలింది, దాని కింద పచ్చగా తుప్పు. మెగ్గర్ పెడితే సున్నాకు కొంచెం పైన నిలబడింది. కొత్త హీటరు పెట్టాక డీఫ్రాస్ట్ మొత్తం నడిచింది, అంకె 8 దగ్గరే కదలకుండా ఉంది.

అటకమీదపిల్లి
ఇప్పుడు వైరింగు మార్చమన్న ఎలక్ట్రీషియన్‌కు ఆ పచ్చ తుప్పు ముక్క కానుకగా పంపండి.

పాతతీగ
ఆయనను మరీ తిట్టకండి. లీకేజీ మీటరు లేని మనిషికి గోడ తప్ప కనిపించేది లేదు. పని అయింది కాబట్టి ఒక్క సూచన. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉంది కనుకనే ఒక ఫ్రిజ్ తప్పుకు అన్ని గదులూ చీకటయ్యాయి. వీలున్నప్పుడు ఫ్రిజ్ లైనుకు విడిగా ఆర్‌సీబీఓ పెట్టించండి. అందులో లీకేజీ రక్షణ, లోడు రక్షణ రెండూ ఉంటాయి. పడితే అదొక్కటే పడుతుంది, ఎక్కడ వెతకాలో కూడా అదే చెబుతుంది.

నీటిబొట్టు
ఫ్రిజ్‌కు అసలు లీకేజీ బ్రేకరే వద్దంటారు కొందరు, ఊరెళ్లినప్పుడు పడితే లోపలివన్నీ పాడవుతాయని.

పాతతీగ
పాడైనవి పారేయవచ్చు. ఫ్రిజ్ బాడీ ముట్టుకునే పిల్లల సంగతి వేరు. 100 మిల్లీ ఆంపియర్లది పెట్టమనే సలహా కూడా వింటుంటాను, దానికీ నేను వ్యతిరేకం. 100, 300 అంకెలవి మంటలు రాకుండా చూడటానికి, మనిషి ప్రాణానికి 30 లేదా అంతకన్నా తక్కువ.

రెండోబ్యాటరీ
కొత్తగా కొనేటప్పుడు లీకేజీ బ్రేకర్ 'AC' రకమా, 'A' రకమా చూడండి. 'AC' రకం మామూలు సైన్ తరంగపు లీకేజీనే పట్టుకుంటుంది. ఇన్వర్టర్ మోటారున్న వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌ల నుంచి కొట్టుకునే డీసీ రూపంలో కూడా లీకేజీ రావచ్చు, దాన్ని గుర్తించేది 'A' రకం.

సగంచీకటి
రాసుకున్నాను, ఆర్‌సీబీఓ, 'A' రకం, 30. టెస్ట్ బటన్ కూడా అప్పుడప్పుడు నొక్కాలా?

కొలతబద్ద
నొక్కాలి, మీట కదలకుండా బిగుసుకుపోకుండా ఉంటుంది. అయితే ఆ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్తింగ్ బాగుందని అనుకోవద్దు. ఎర్తు తీగే లేని ఇంట్లో కూడా బటన్ నొక్కితే పడుతుంది, దాని దారి లోపలే ఉంటుంది.

ఎగిరేఫ్యూజు
వైరు ఎన్ని చదరపు మిల్లీమీటర్లో ఎక్కడ రాసి ఉంటుంది? ఊరికే, తెలుసుకుందామని.

కొలతబద్ద
తొడుగు మీదే అచ్చు వేసి ఉంటుంది, అడుగు అడుగుకూ. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, సాకెట్ విప్పి అక్కడ చదవండి. బోర్డు దగ్గర మందమైనది వేసి, మధ్య జంక్షన్ నుంచి సన్నది లాగిన ఇళ్లు చూశాను. లైనులో అన్నిటికన్నా సన్నని ముక్కను బట్టే ఎంసీబీ. తేలేవరకు ఆ 32 తీసి మళ్లీ 16 పెట్టించండి.

ఎగిరేఫ్యూజు
సాకెట్ విప్పాను. 1.5 అని ఉంది.

కొలతబద్ద
అయితే 16 కూడా ఎక్కువే. 10 పెట్టించి, ఏసీకి వేరే లైను లాగించండి. ఈలోపు ఆ సాకెట్‌లో ఏసీ వేయకండి.